నాలుగొందల పన్నెండు బొట్లు

ముత్యాలపట్నం పాతబజారు చచ్చిపోయిందన్న సంగతి ఆ బజారులో కొట్లు పెట్టుకుని బతుకుతున్నవాళ్ళెవరికీ తెలియదు. మునిసిపల్ ఆఫీసు నుంచి కాగితం వస్తేనే తెలిసింది. పొద్దున్నే పాలకేంద్రం దగ్గర మొదలయ్యే తోపులాట దీపాలు పెట్టినా సద్దుమణగని ఆ వీధికి ప్రాణం పోయిందనీ, తిరిగి ప్రాణం పొయ్యడానికి పైనుంచి పథకం మంజూరైందనీ అందులో రాసుంది. పథకం పేరు చదవాలంటే మధ్యలో ఒకసారి ఆగి ఊపిరి తీసుకోవాలి. పురాతన వాణిజ్య కేంద్ర ప్రజాభాగస్వామ్య పునరుజ్జీవన పథకం.

గుత్తుల భూలక్ష్మి ఆ కాగితాన్ని పిండి చేత్తోనే అందుకుని పక్క కొట్టు గోవిందుతో చదివించుకుంది. గోవిందుది ఫ్యాన్సీ కొట్టు. రిబ్బన్లు, గాజులు, బొట్టుబిళ్ళలు, జడపిన్నులు అమ్ముతాడు. భూలక్ష్మిది పిండిమర. మునిసిపాలిటీ వారి ఏడో నంబరు అద్దెకొట్టులో ఆవిడ మొగుడు డీజిల్ ఇంజనుతో మొదలెట్టాడు. ఆయన పోయాక కరెంటు మోటారు పెట్టించి, పద్దెనిమిదేళ్ళుగా ఆవిడే నడుపుతోంది. రాళ్ళకి గంట్లు పెట్టుకోవడం దగ్గర్నుంచి బెల్టు బిగించుకోవడం దాకా అన్నీ ఆవిడే. ఎవరింటికి పురిటికి కూతురొచ్చిందో, ఎవరికి కొత్తగా షుగరొచ్చిందో డబ్బాలో తెచ్చిన గింజలు చూసి చెప్పేస్తుంది. ఆ మర తప్ప ఆవిడకి వేరే పని రాదు, వేరే ఆసరా లేదు. అది ఆగితే ఆవిడ బతుకు ఆగినట్టే.

"ప్రాణం పొయ్యడవేంట్రా గోవిందూ, అసలు పోయిందెప్పుడు?" అంది.

"మనకి తెలీదక్కా. ఇలాటివి పైవాళ్ళకే తెలుత్తాయి," అన్నాడు గోవిందు.

"పోత్తే పొయ్యనీ. ముందా ఎదురుగా ఉన్నదాన్ని తీయించమను."

ఎదురుగా ఉన్నది, రోడ్డుకి అవతల, మునిసిపాలిటీ వారు ఎప్పుడో కట్టించిన మరుగుదొడ్డి. కట్టించిన రెండేళ్ళకే పైకప్పు కూలింది. మిగిలిన మూడు గోడల మధ్యా, బయటా కలిపి ఆరడుగుల ఎత్తున చెత్త. దాన్ని తీయించమని భూలక్ష్మి పదకొండు అర్జీలు పెట్టింది. అర్జీలన్నిటికీ రశీదులున్నాయి, చెత్తా ఉంది.

ఈ పథకానికి ఒకే ఒక్క రూలు. ప్రజలు అడగంది ఒక్క ఇటుక కూడా కదపకూడదు, ప్రజలు వద్దన్నది ఒక్క ఇటుక కూడా మిగల్చకూడదు. వినడానికి ఎంత బాగుందో చూడండి. ఈ రూలుని అమలు చెయ్యడానికి రాజధాని నుంచి సుధాంశు అనే సలహాదారుణ్ణి పంపించారు. నార చొక్కా, మెడలో గుర్తింపు కార్డు, చేతిలో ఎప్పుడూ ఒక మంచినీళ్ళ సీసా. పాతబజారంతా తిరిగి ప్రతి కొట్టుకీ ఫొటో తీసుకున్నాడు. భూలక్ష్మి మరలోకి వచ్చి, పిండి మీద పడకుండా గుమ్మంలోనే నిలబడి, "అమ్మగారూ, ఇది నా ప్లాన్ కాదు, మీ ప్లాన్. నేను మీ గొంతుని మాత్రమే," అన్నాడు.

"నా గొంతు నాకుంది గదండీ," అంది భూలక్ష్మి. మర చప్పుడులో ఆ మాట ఆయనకి వినిపించలేదు.

ప్రజల అభిప్రాయం తీసుకునే పద్ధతి కూడా పథకం పుస్తకంలోనే ఉంది. బజారు మొత్తం ఫొటోలతో పెద్ద ఫ్లెక్సీ కట్టాలి. జనానికి గుండ్రటి స్టిక్కర్లు పంచాలి. ఏది ఉంచాలో దానిమీద పచ్చది, ఏది తీసెయ్యాలో దానిమీద ఎర్రది అంటించాలి. ఏ ఫొటో మీద ఎన్నున్నాయో లెక్కెడితే అదే ప్రజాభీష్టం. రాతకోతలు లేవు, ఉపన్యాసాలు లేవు, తగువులు లేవు. పైనుంచి స్టిక్కర్లు కూడా రెండు పెట్టెల నిండా వచ్చాయి. తీరా విప్పి చూస్తే రెండు పెట్టెల్లోనూ పచ్చవే.

ఎర్రవాటి కోసం మళ్ళీ రాస్తే టెండరు, ఆమోదం, రవాణా అన్నీ కలిపి నాలుగు నెలలు. సభ ఎల్లుండి. టౌన్ ప్లానింగ్ ఓవర్సీరు బాపిరాజు తిన్నగా గోవిందు కొట్టుకొచ్చి, ఉన్న బొట్టుబిళ్ళల అట్టలన్నీ పట్టుకుపోయాడు. ఎర్రవి, మఖమల్‌వి, ఏడో నంబరు సైజు. సుధాంశు ఒక బిళ్ళ తీసి వేలికి అంటించుకుని, అటూ ఇటూ తిప్పి చూశాడు.

"రంగు ఎరుపు. ఆకారం వృత్తం. అంటుకుంటోంది. మాన్యువల్‌లో ఉన్న మూడు లక్షణాలూ ఉన్నాయి," అని సంతకం పెట్టాడు.

ఆ చుట్టుపక్కల ఆడమనిషి ఒక్కరున్నా ఆ సంతకం పడేది కాదు. లేకపోయింది.

సభ టౌన్ హాలు ముందు షామియానా కింద జరిగింది. ఊరు ఊరంతా వచ్చింది. పథకం మీద ప్రేమతో కాదు, సమోసాలూ కూల్‌డ్రింకులూ ఇస్తారని మైకులో చెప్పారు. కమిషనర్ దక్షిణామూర్తి గారు ముప్పావుగంట మాట్లాడారు. ప్రజలే ప్రభువులనీ, తాను సేవకుణ్ణనీ, ప్రభువులు కాస్త వెనక్కి జరిగి కూర్చోవాలనీ చెప్పారు. తరువాత సుధాంశు మైకు అందుకుని, "రెడ్ ఈజ్ రిమూవ్, గ్రీన్ ఈజ్ రిటైన్, చాలా సింపుల్," అన్నాడు. సరిగ్గా ఆ నిమిషానికే సమోసాల బుట్టలు దిగాయి. ఆయన చెప్పింది ముందు వరసలో కూర్చున్న కమిషనర్ గారూ, బాపిరాజూ విన్నారు. వాళ్ళకి ఎలాగూ తెలుసు.

ఆడవాళ్ళ చేతుల్లో తలా ఒక బొట్టుబిళ్ళల అట్టా, నాలుగు పచ్చ కాగితపు బిళ్ళలూ పెట్టి ఫ్లెక్సీ దగ్గరికి పంపించారు. ముందు నరసమ్మ మామ్మ వెళ్ళింది. ఎనభై రెండేళ్ళ మనిషి, పాతబజారుకి కోడలిగా వచ్చి అరవై ఏళ్ళు దాటింది. చెప్పులు విడిచింది. ఫ్లెక్సీలో భూలక్ష్మి మర ఫొటో వెతుక్కుంది. చేతికో బొట్టిస్తే తెలుగింటి ఆడది ఏం చేస్తుంది? కొత్త స్కూటరుకి పెడుతుంది, రుబ్బురోలుకి పెడుతుంది, గడపకి పెడుతుంది, ఇనప్పెట్టెకి పెడుతుంది. ఏది చల్లగా ఉండాలో దానికి పెడుతుంది. నరసమ్మ మామ్మ మర ఫొటోకి నడినెత్తిన బొట్టు పెట్టి, రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టింది.

ఆవిడ వెనకాల వరస కట్టినవాళ్ళంతా అదే చేశారు. మరకి పెట్టారు, మూడు తరాలుగా ఇడ్లీలు పోస్తున్న హోటలుకి పెట్టారు, లైబ్రరీకి పెట్టారు, సాయంత్రాలు ముసలాళ్ళు కూర్చునే అరుగులకి పెట్టారు. మగవాళ్ళూ పెట్టారు. మరి ఆ పచ్చ బిళ్ళలేం చెయ్యాలి? పచ్చ అంటే చెట్లు గదా, ఎక్కడ బాగుచేసి మొక్కలు నాటాలో అక్కడ పెట్టాలి కాబోలని గోవిందే అన్నాడు. ఆ మాట అందరికీ నచ్చింది. పచ్చ బిళ్ళలన్నీ పోలోమంటూ వెళ్ళి చెత్తకుప్ప మీద పడ్డాయి.

భూలక్ష్మి మర కట్టేసి సాయంత్రానికి వెళ్ళింది. తన కొట్టు ఫొటో కనిపించలేదు. ఫొటో ఉండాల్సిన చోట నిండా ఎర్రటి బొట్లు, ఒకదానిమీద ఒకటి. బాపిరాజు లెక్కపెట్టి నాలుగొందల పన్నెండని రాసుకున్నాడు. ఊరు మొత్తం మీద అన్ని ఇంకెవరికీ పడలేదు. మొగుడు పోయిన దగ్గర్నుంచి ఆవిడ నుదుటికి బొట్టు లేదు. అలాంటిది తన మరకి నాలుగొందల పన్నెండు మంది బొట్టు పెట్టారు. భూలక్ష్మికి కళ్ళనీళ్ళు ఆగలేదు. పక్కనే నిలబడి చూస్తున్న సుధాంశు ఆవిడ ఏడుపు చూసి తల పంకించాడు.

"నాకర్థమవుతోంది అమ్మగారూ. జనం నిజం చెప్పినప్పుడు బాధగానే ఉంటుంది," అన్నాడు ఓదార్పుగా.

"బాధేంటి బాబూ. నా జన్మకిది చాలు," అంది భూలక్ష్మి.

ఆ మనిషి నిబ్బరానికి సుధాంశు ముచ్చటపడి దాన్ని కూడా రిపోర్టులో రాసుకున్నాడు.

పదో రోజున నోటీసొచ్చింది. గోవిందు చదవడం మొదలెట్టి మధ్యలో ఆగిపోయాడు. చదవరా అని భూలక్ష్మి అంటే మళ్ళీ మొదట్నుంచి చదివాడు. 'సదరు ఏడవ నంబరు కట్టడము పట్ల పట్టణ ప్రజానీకములో నెలకొనియున్న తీవ్రమైన అయిష్టతను పురస్కరించుకొని, ప్రజాభీష్టము మేరకు సదరు కట్టడమును ఇరువది యొక్క దినములలో నేలమట్టము గావించుటకు నిర్ణయించడమైనది. ఇందు నిమిత్తము తమరు అందించబోవు సహకారమునకు ముందస్తు అభినందనలు.'

భూలక్ష్మి మర ఆపింది. పట్టపగలు, గిరాకీ ఉండగా, ఆ మర ఆగడం బజారు ఎన్నడూ ఎరగదు.

ఆవిడ నెత్తిమీది పిండి కూడా దులుపుకోకుండా మునిసిపల్ ఆఫీసుకి వెళ్ళింది. కమిషనర్ గారు కూర్చోమన్నారు. మర్యాదలో ఆయనకి వంక పెట్టలేం. సుధాంశు గోడకి ఒక పటం తగిలించాడు. పాతబజారు పటమే గానీ, మధ్యలో మర ఉన్నచోట పొయ్యిలో నిప్పులాగ ఎర్రగా ఉంది.

"చూశారా, ఇది ద్వేష తీవ్రత పటం. ఎర్రదంటే తీసెయ్యమని, మీకు పడ్డవి నాలుగొందల పన్నెండు. నేను పదిహేడు ఊళ్ళలో పనిచేశాను. ఒక కట్టడాన్ని జనం ఇంత ఏకగ్రీవంగా అసహ్యించుకోవడం నేనెక్కడా చూడలేదు," అన్నాడు సుధాంశు.

"అది అసయ్యం కాదు బాబూ, బొట్టు. బొట్టు పెట్టారు నా మరకి. నచ్చినదానికే గదండీ బొట్టు పెడతారు?"

సుధాంశు పుస్తకం తిరగేశాడు. "బొట్టు అన్న మాట మాన్యువల్‌లో లేదండీ. ఎర్ర వృత్తాకార స్వయంఅంటు సూచిక అని ఉంది."

"మీ ఇంట్లో ఆడాళ్ళనడగండి బాబూ. మీ అమ్మగారినడగండి."

"మా అమ్మగారు ఈ వార్డు ఓటరు కారు," అన్నాడు సుధాంశు నిజాయితీగా.

భూలక్ష్మి కమిషనర్ గారి వైపు తిరిగింది. "అయ్యా, మీరు చెప్పండి. ఆఫీసు జీపు కొన్నప్పుడు బొట్టు పెట్టారా లేదా? అంటే జీపుని విరగ్గొట్టమనా?"

కమిషనర్ గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "అమ్మా, వ్యక్తిగతంగా మీరు చెప్పినదానితో నేను ఏకీభవిస్తున్నాను. మా ఇంట్లో పిండి కూడా మీ దగ్గరే పట్టిస్తాం. అయితే వ్యక్తిగతంగా నేనెవణ్ణి? ప్రజలు ఒకసారి అభిప్రాయం చెప్పాక, దాని అర్థం ఇది కాదు అది అని చెప్పడానికి నేనెవణ్ణి, మీరెవరు? అది ప్రజల్ని అవమానించడం అవుతుంది."

"ఆ ప్రజలే వచ్చి చెప్తే?"

"వాళ్ళు మాత్రం ఎవరు?" అన్నారు కమిషనర్ గారు.

అయితే పథకంలో అప్పీలుకి తావుంది. సాంస్కృతిక కారణాలు చూపిస్తే రెండో విడత అభిప్రాయ సేకరణ జరపొచ్చు. భూలక్ష్మి తరఫున గోవిందు అర్జీ రాశాడు. బొట్టు మహిమ గురించి నాలుగు పేజీలు. సుధాంశు దాన్ని రెండుసార్లు శ్రద్ధగా చదివాడు. చదివి, రెండో విడతకి తేదీ వేయించి, తన పొరపాటుకి నిజంగానే సిగ్గుపడ్డాడు. ఈ దేశంలో అధికారులు సిగ్గుపడటం అరుదు కనక ఆ రోజు ఆఫీసంతా ఆయన్ని గౌరవంగా చూసింది.

భూలక్ష్మీ గోవిందూ ఊరి మీద పడ్డారు. పద్నాలుగు రోజులు, మధ్యాహ్నాలు మర కట్టేసి, గుమ్మం గుమ్మం ఎక్కారు. భూలక్ష్మి ప్రతి ఇంట్లోనూ అదే మాట అప్పజెప్పింది. "ఎర్రది తీసెయ్యమనంట వొదినా, పచ్చది ఉంచమనంట. ఈసారి నా మరకి పచ్చది పెట్టండి. చెత్తకుప్పకి ఎర్రది కొట్టండి." జనం నోళ్ళు నొక్కుకున్నారు. మా చేతుల్తో మేమే నీ కొంప ముంచామా అని నరసమ్మ మామ్మ ఏడ్చినంత పనిచేసింది. పచ్చ, మర, పచ్చ, మర అని మనవరాలి చేత రోజూ వల్లె వేయించుకుంది.

అటు మునిసిపల్ ఆఫీసులో కూడా పని జోరుగానే సాగింది. స్థానిక సంస్కృతిలో ఎరుపు గౌరవసూచకమని రుజువైనందువల్ల, ఆ సంస్కృతిని మన్నిస్తూ, రెండో విడతలో రంగుల అర్థాలు తారుమారు చేశారు. ఇకమీదట ఎర్రది ఉంచమని, పచ్చది తీసెయ్యమని. ఈ సంగతి జనానికి చెప్పలేదని ఎవరూ అనడానికి వీల్లేదు. ఆఫీసు నోటీసు బోర్డు మీద, దోమల మందు టెండరు పక్కన, ఆరు పేజీల ఉత్తర్వులో నాలుగో పేజీలో స్పష్టంగా ఉంది.

రెండో సభకి సమోసాలు పెట్టలేదు. అయినా మొదటిసారికి రెట్టింపు జనం వచ్చారు. ఎవరూ నవ్వులాటకి లేరు. వరసలో నిలబడి, ఒకళ్ళకొకళ్ళు గుర్తుచేసుకుంటూ, జాగ్రత్తగా అంటించారు. హోటలుకీ, లైబ్రరీకీ, అరుగులకీ కూడా పచ్చవే. మరకైతే తొమ్మిదొందల మూడు పచ్చ బిళ్ళలు. ఒక్క ఎర్రది కూడా పడకుండా భూలక్ష్మి ఫ్లెక్సీ పక్కనే నిలబడి కాపలా కాసింది. నరసమ్మ మామ్మ అలవాటు కొద్దీ ఎర్రబిళ్ళ పెట్టబోతే, ఆవిడే గబుక్కున చెయ్యి పట్టుకుని ఆపి పచ్చది చేతికిచ్చింది. తన మరకి పడాల్సిన ఆ ఒక్క మంచి ఓటునీ తన చేత్తోనే ఆపేసింది పాపం. చెత్తకుప్పని మాత్రం కసిదీరా ఎర్రబిళ్ళలతో కప్పేశారు.

ఫలితం చెప్పడానికి సుధాంశు మంచినీళ్ళ సీసా పక్కన పెట్టి మైకు అందుకున్నాడు. "రెండు విడతలు. రెండు వేరు వేరు పద్ధతులు. రంగులు మార్చినా ఫలితం మారలేదు. పిండిమర వద్దని ఊరు రెండుసార్లు చెప్పింది, చెత్తకుప్ప కావాలని రెండుసార్లు చెప్పింది. నేను చదువుకున్న రోజుల్లో కూడా ఇంత స్వచ్ఛమైన డేటా చూడలేదు," అన్నాడు.

జనం నుంచి గోల లేచింది. కమిషనర్ గారు ఆ గోలని హర్షధ్వానాలుగా మినిట్స్ పుస్తకంలో రాయించారు.

మూడో అప్పీలుకి తావు లేదు.

చెత్తకుప్ప దశ తిరిగింది. నెల తిరిగేసరికి దాని చుట్టూ ఇనప కమ్మీల ప్రహరీ లేచింది. ప్రహరీ లోపల, కుప్పకి ఓ పక్కగా, సందర్శకులు నిలబడి చూడటానికి గ్రానైటు రాళ్ళతో ఎత్తయిన వేదిక కట్టారు. ఎండ తగలకుండా దానిమీద రేకుల పందిరి వేశారు. అంత శుభ్రమైన నేల పాతబజారులో ఇంకొకటి లేదు. గేటు పక్కన రాతి ఫలకం పెట్టారు. 'ప్రజలచే రెండు పర్యాయములు ఎన్నుకొనబడిన వారసత్వ స్థలము. ఈ ప్రహరీ లోపలనున్న ఏ వస్తువునైనను కదల్చుట, తొలగించుట, రూపు మార్చుట శిక్షార్హము.' కుప్ప ఎత్తు వారానికోసారి టేపుతో కొలిచి రిజిస్టరులో రాసే పని బాపిరాజుకి అప్పజెప్పారు. ఆరడుగుల మూడంగుళాలు. చెత్తబండి వాళ్ళని ఆ వీధికి రావద్దన్నారు, పొరపాటున వారసత్వం ఎత్తుకుపోతారేమోనని.

ఇడ్లీ హోటలు పోయింది. అరుగులు పోయాయి. లైబ్రరీలో పుస్తకాలు మూటలు కట్టి ఎక్కడికో పంపారు. ఏడో నంబరు వంతు శుక్రవారం వచ్చింది.

భూలక్ష్మి ఆ పొద్దున్న ఎవరికీ పిండి పట్టలేదు. తొట్టిని గుడ్డ పెట్టి తుడిచింది, రాళ్ళు విప్పి కడిగింది. మొగుడు పోయిన నాడు ఏడ్చినట్టే గోడకి తల ఆనించి ఏడ్చింది. గోవిందు ఏం చెయ్యాలో తెలియక కొట్టు ముందు అటూ ఇటూ తిరిగాడు. బుల్డోజరు వచ్చి నిలబడ్డాక బాపిరాజు మొహమాటంగా లోపలికొచ్చాడు.

"ఏవండీ భూలక్ష్మి గారండీ, సామాను బయట పెట్టించేత్తాను. ఎక్కడికి చేర్పించమంటారు?"

భూలక్ష్మి కళ్ళు తుడుచుకుని బయటికి చూసింది. పెట్టుకోవడానికి ఇంట్లో చోటు లేదు, ఒకే గది. ఎదురుగా ప్రహరీ, పందిరి, దాని నీడలో మెరుస్తున్న గ్రానైటు. ఫలకం మీది అక్షరాలు గోవిందు ఆవిడకి అంతకుముందే చదివి వినిపించాడు. ఆవిడ ఆ వేదిక పొడవూ వెడల్పూ కళ్ళతోనే కొలుచుకుంది.

"ఊరికి అక్కర్లేని వస్తువు బాబూ. దాన్నింకెక్కడికి మోస్తారు? ఆ చెత్తలో పారేయించండి," అంది.

"అయ్యో, అలా అనకండి."

"ఉత్తినే అనట్లేదు. ఆ రాళ్ళ వేదిక మీద పెట్టించండి చాలు. పాత డీజిల్ ఇంజనుంది వెనకాల, దాన్ని కూడా."

కూలీలకి దూరం తగ్గింది కనక వాళ్ళు సంతోషించారు. బాపిరాజు కూడా సంతోషించాడు. మధ్యాహ్నానికల్లా మర రోడ్డు దాటింది, సాయంత్రానికి ఏడో నంబరు నేలమట్టమైంది.

మర్నాడు పొద్దున్న ఏడింటికి పాతబజారులో డీజిల్ ఇంజను చప్పుడు వినబడింది. భూలక్ష్మి పందిరి కింద రాళ్ళు బిగించి, బెల్టు తగిలించి, నరసమ్మ మామ్మ తెచ్చిన బియ్యం తొట్టిలో పోస్తోంది. జనం కొంగులు ముక్కుకి అడ్డంపెట్టుకుని డబ్బాలతో వరస కట్టారు. బాపిరాజు పరుగెత్తుకొచ్చాడు.

"ఇదేంటండీ, ఇక్కడ పెట్టకూడదండీ, తీసెయ్యండి."

"తియ్యకూడదు బాబూ. ప్రహరీ లోపలున్న వస్తువు కదపకూడదని మీరే రాయించారు. పెట్టించింది కూడా మీరే," అంది భూలక్ష్మి, పిండి చేత్తో ఫలకం చూపిస్తూ.

బాపిరాజు ఫలకం చదివాడు. నిన్న చదివినదే మళ్ళీ చదివాడు. వెళ్ళి కమిషనర్ గారిని తీసుకొచ్చాడు. కమిషనర్ గారు చదివి సుధాంశుని పిలిపించారు. సుధాంశు మాన్యువల్ తిరగేసి, వారసత్వ స్థలంలోకి వస్తువులు ఎలా చేరాయన్నది పథకం పరిధిలోకి రాదనీ, చేరినవాటిని తీయడం మాత్రం నేరమనీ తేల్చాడు. కమిషనర్ గారు వరస వైపు తిరిగారు. కమిషనర్ గారి భార్య వరసలో ఐదో మనిషి.

మూడు వారాలు మర నడిచింది. ఆ మూడు వారాలూ కొలవకుండా పాత అంకే రాసేసిన బాపిరాజు, నాలుగో వారం టేపు పెట్టి కొలిచి కంగారుపడ్డాడు. కుప్ప నాలుగడుగుల రెండంగుళాలుంది. పిండి పట్టించుకునే చోట చెత్త వెయ్యడానికి జనానికి చేతులు రావడం లేదు. పైగా వరసలో నిలబడ్డ ఆడవాళ్ళు ఊరికే ఉండలేక చీపుర్లు తెచ్చి ఊడ్చి, తట్టల్లో ఎత్తుకుపోతున్నారు. ఉన్న చెత్త తీస్తే నేరమని ఎవరికి చెప్తే ఎవరు వింటారు? ఇటు చూస్తే ముత్యాలపట్నానికి ఉత్తమ ప్రజాభాగస్వామ్య బహుమానం ఇవ్వడానికి ఢిల్లీ నుంచి బృందం మర్నాడు పదకొండింటికి దిగుతోంది. వాళ్ళ దగ్గరున్న రిపోర్టులో ఆరడుగుల మూడంగుళాలని ఉంది.

కమిషనర్ గారు స్వయంగా వచ్చారు. వెంట సుధాంశు, ఫైళ్ళ కట్టతో బాపిరాజు. భూలక్ష్మి మర ఆపి, చేతులు కొంగుకి తుడుచుకుంది. నోటీసు గోవిందు చదివాడు. సదరు స్థలమును అనుభవించుచున్న వ్యక్తి తన కార్యకలాపముల వలన వారసత్వ సంపదకు రెండడుగుల ఒక అంగుళము మేర నష్టము కలిగించినందున, ఇరువది నాలుగు గంటలలో యథాస్థితికి తేవలెనని, లేనిచో స్థలము ఖాళీ చేయవలెనని దాని సారాంశం.

"అంటే ఇక్కడ చెత్త వెయ్యాలాండి?" అంది భూలక్ష్మి.

"చెత్త అనకండమ్మా. యథాస్థితి పునరుద్ధరణ," అన్నారు కమిషనర్ గారు.

"ఏది పడితే అది వెయ్యొచ్చాండి?"

"లేదు లేదు," అన్నాడు సుధాంశు. "బయట ఊళ్ళనుంచి తేకూడదు. ఇక్కడ తయారైంది అయ్యుండాలి. మొదట్నుంచీ ఉన్నదానితో కలిసిపోవాలి."

"మీ ఆఫీసులో తయారైంది పనికొత్తాదాండి?"

"నిస్సందేహంగా. మునిసిపల్ వ్యర్థం అన్నిటికన్నా శ్రేష్ఠం."

భూలక్ష్మి గోవిందు చేతిలోంచి నోటీసు తీసుకుని, ఉండ చుట్టి, కుప్ప మీదికి విసిరింది. సంతకం కోసం బాపిరాజు వేదిక మీద పెట్టిన ఫైళ్ళ కట్ట ఎత్తి అది కూడా విసిరింది. ఒకటో విడత రిపోర్టు, రెండో విడత రిపోర్టు, ద్వేష తీవ్రత పటం, కూల్చివేత ఉత్తర్వు, బృందానికి ఇవ్వాల్సిన కాగితాలు, అన్నీ ఆ కట్టలోనే ఉన్నాయి. తాడు తెగి విడిపోయి కుప్ప నిండా పరుచుకున్నాయి.

"అయ్యయ్యో, అందులో ఆఫీసు కాపీలున్నాయమ్మా. అవి తప్ప వేరే లేవు," అంటూ కమిషనర్ గారు గబగబా ముందుకొంగి చెయ్యి చాచారు.

బాపిరాజు ఆయన మోచెయ్యి మెల్లిగా పట్టుకున్నాడు. "తియ్యకూడదు సార్. శిక్షార్హం."

కమిషనర్ గారు చాచిన చెయ్యి అలాగే ఉండిపోయింది. వరసలో ఎవరూ నవ్వలేదు, కొంగులు మాత్రం ముక్కుల మీంచి నోళ్ళ మీదికి దిగాయి. బాపిరాజు అలవాటు చొప్పున టేపు తీసి కుప్ప కొలిచాడు.

"అరంగుళం పెరిగింది సార్," అని రిజిస్టరులో రాసుకున్నాడు.

"ఆఫీసులో ఇంకా బోలెడు ఉంటాది గదండీ. ఇప్పట్నుంచి మోయించండి, రేపు పదకొండింటికల్లా సరిపోద్ది," అంది భూలక్ష్మి. ఇంజను హ్యాండిల్ తిప్పి, వరసలో తరవాతి మనిషి చేతిలోంచి డబ్బా అందుకుంది.